నాటకం చదవనివ్వండి, అప్పును మాత్రం గీత దాటనివ్వకండి

ప్రశ్న: నమస్కారం మేడమ్. మేము న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాం. సొంతూరు తెనాలి దగ్గర. ఇద్దరం ఐటీలోనే పనిచేస్తున్నాం. మాకు గ్రీన్‌కార్డులు వచ్చాయి, అమ్మాయి ఇక్కడే పుట్టింది. ఇప్పుడు హైస్కూల్ ఆఖరి ఏడాది. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంది, అరంగేట్రం కూడా చేయించాం. హైస్కూల్లో నాటకాల్లో పడి, ఇప్పుడు యాక్టింగ్‌లో బీఎఫ్‌ఏ (కళల్లో నాలుగేళ్ల డిగ్రీ) చేస్తానని పట్టుబట్టింది. ఆడిషన్లు ఇచ్చి రెండు చోట్ల సీటు తెచ్చుకుంది. ఒకటి న్యూయార్క్‌లో పేరున్న ప్రైవేటు యూనివర్సిటీ. అన్నీ కలిపి ఏడాదికి 88 వేల డాలర్లు, అందులో 25 వేలు స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు. రెండోది మా న్యూజెర్సీ ప్రభుత్వ యూనివర్సిటీ రట్గర్స్, హాస్టల్‌తో కలిపి ఏడాదికి 38 వేలు. పిల్లల చదువుకి పొదుపు చేసే 529 ప్లాన్‌లో 90 వేలు దాచాం. నెలకు ఇంకో వెయ్యి దాకా పెట్టగలం. తను న్యూయార్కే అంటోంది. మావారికి 51 ఏళ్లు. "నాటకాలు కూడు పెడతాయా? కంప్యూటర్ సైన్స్ చదివి, శని ఆదివారాలు వేసుకోమను" అంటున్నారు. తండ్రీకూతుళ్లకు మాటల్లేవు. మా తాతగారు ఊళ్లో నాటక సమాజం పెట్టి, తెరలకూ డ్రెస్సులకూ అప్పు చేసి రెండెకరాలు పోగొట్టుకున్నారు. ఆ కథ మావారు రోజూ ఎత్తుతున్నారు. మే 1 లోపు ఏదో ఒకటి చెప్పాలి. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, ఎడిసన్

సమాధానం: అమ్మా, మీ ఇంట్లో రెండు తగాదాలు కలిసిపోయాయి. నాటకం చదవాలా వద్దా అన్నది ఒకటి. దానికోసం ఎంత అప్పు చెయ్యొచ్చన్నది ఇంకొకటి. అరుపులన్నీ మొదటిదాని మీదే నడుస్తున్నట్టున్నాయి. నా భయం రెండోదాని మీద. అందుకే సలహా ముందే చెప్పేస్తాను: నాటకమే చదవనివ్వండి, కానీ రట్గర్స్‌లో. న్యూయార్క్ సీటు ఈ ధరకి వద్దు.

మీ తాతగారి సంగతి మీరు రాసిందాన్ని బట్టి చూస్తే, పొలం పోయింది వేషం కట్టినందుకు కాదు. తెరలకూ డ్రెస్సులకూ అప్పు తెచ్చి, ఆ అప్పు నాటకం డబ్బులతో తీరుతుందనుకున్నందుకు. ఆడిన రాత్రి డబ్బొస్తుంది, వాన పడితే రాదు. వడ్డీ మాత్రం వానలో కూడా నడుస్తుంది. మీవారు ఈ కథ చెప్పడం తప్పేమీ కాదు, కాకపోతే అందులో దొంగ ఎవరో సరిగ్గా చూపించడం లేదు.

అమెరికాలో నటుల సంపాదన ఇప్పటికీ అలాగే ఉంటుంది. ఇక్కడి కార్మిక గణాంకాల శాఖ దాదాపు ప్రతి వృత్తికీ ఏడాది జీతం ప్రకటిస్తుంది. నటుల దగ్గరకొచ్చేసరికి గంట కూలీ మాత్రమే ఇస్తుంది. సగటు మనిషికి గంటకు 20 డాలర్లు పైచిలుకు. ఏడాదికి ఎన్ని గంటలు పని దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు గనుక ఏడాది లెక్క వెయ్యరు. బ్రాడ్‌వేలో యూనియన్ కనీస వేతనం వారానికి రెండున్నర వేల డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. వినడానికి బాగుంటుంది. ఆ షో ఎనిమిది వారాల్లో మూతపడితే తొమ్మిదో వారం నుంచి నిరుద్యోగ భృతి. సినిమా, టీవీ నటుల యూనియన్ శాగ్-ఆఫ్‌ట్రాలో హెల్త్ ఇన్సూరెన్స్ రావాలంటే యూనియన్ పనుల మీద ఏడాదికి 27, 28 వేల డాలర్లు సంపాదించాలి. సభ్యుల్లో నూటికి 85 మందికి పైగా ఆ గీత దాటలేకపోతున్నారన్నది 2023 సమ్మె రోజుల్లో బాగా వినబడిన మాట. వీళ్లంతా యూనియన్ కార్డున్నవాళ్లు. కార్డు లేనివాళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

ఇదంతా మీ అమ్మాయిని భయపెట్టడానికి కాదు. ఆడిషన్ దాకా వెళ్లిన పిల్లకి ఇవి తెలిసే ఉంటాయి. తెలియనిదల్లా ఇలాంటి సంపాదన మీద ఎంత అప్పు నిలుస్తుందన్నదే.

దానికి ఒక కొలబద్ద ఉంది. 2014లో అమెరికా విద్యాశాఖ కొన్ని రకాల కోర్సులకు ఒక నియమం పెట్టింది. చదువు పూర్తయినవాళ్లు ఏడాదికి కట్టే వాయిదాలు వాళ్ల సంపాదనలో 8 శాతం లోపు ఉంటే కోర్సు పాస్. 12 శాతం దాటి, బతుకు ఖర్చులు పోగా మిగిలినదాంట్లో కూడా 30 శాతం దాటితే ఫెయిల్. 2017 జనవరిలో ఫెయిలైన కోర్సుల జాబితా బయటికొస్తే అందులో హార్వర్డ్ పేరుంది! అక్కడి అమెరికన్ రెపర్టరీ థియేటర్‌కి అనుబంధంగా నడిచే రెండేళ్ల నటశిక్షణ కోర్సు అది. చదివినవాళ్ల అప్పు 78 వేల డాలర్ల దాకా ఉంది. సంపాదన ఏడాదికి 36 వేల చుట్టూ ఉంది. బతుకు ఖర్చులు పోగా మిగిలినదాంట్లో 44 శాతం వాయిదాలకే పోతోందని తేలింది. అదే ఏడాది ఆ కోర్సులో కొత్త ప్రవేశాలు ఆపేశారు. శిక్షణ బాగాలేదని ఎవరూ అనలేదు. అక్కడ చదివినవాళ్లు మంచి నటులే. అయినా హార్వర్డ్ పేరు వాళ్ల జీతం పెంచలేకపోయింది. ఆడిషన్ గదిలో డిగ్రీ ఎక్కడిదని చూసి వేషం ఇచ్చేవాళ్లు తక్కువ.

పెద్ద నాటక పాఠశాలలు కూడా ఈ మధ్య ఈ సంగతి ఒప్పుకున్నాయి. 2021లో హాలీవుడ్ కోటీశ్వరుడు డేవిడ్ గెఫెన్ ఇచ్చిన 15 కోట్ల డాలర్లతో యేల్ తన నాటక పాఠశాలలో ట్యూషన్ ఫీజు ఎత్తేసింది. జూలియార్డ్ 2024 నుంచి నటనలో ఎంఎఫ్‌ఏకి (డిగ్రీ తర్వాత చదివే పీజీ) ఫీజు తీసేసింది. నటుడి నెత్తిన అప్పు పెట్టి పంపితే ఆ నటుడు నిలబడడని వాళ్లకు అర్థమైనట్టే. మీ అమ్మాయి నాలుగేళ్ల తర్వాత ఎంఎఫ్‌ఏ అంటే, ఫీజు లేని చోటికే వెళ్లమనండి. పైచదువులకు ఖర్చు మొత్తానికీ ఇచ్చే గ్రాడ్ ప్లస్ లోన్ 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకు ఎలాగూ లేదు.

ఇప్పుడు ఆ 8 శాతం కొలబద్దని మీ ఇంటికి తెద్దాం. చదువయ్యాక మొదటి ఏళ్లలో మీ అమ్మాయి నటన, కాఫీ షాపు, పిల్లలకు డ్రామా క్లాసులు, అన్నీ కలిపి 36 వేలు సంపాదిస్తుందనుకోండి. 8 శాతం అంటే నెలకు 240 డాలర్లు. 2025-26 వడ్డీ రేటు 6.39 శాతం ప్రకారం, పదేళ్లలో తీరేలా ఆ 240తో మోయగలిగింది సుమారు 21 వేల అప్పు. ఫెడరల్ ప్రభుత్వం డిగ్రీ విద్యార్థికి తన పేరు మీద నాలుగేళ్లలో ఇచ్చేది మొత్తం 27 వేలు: మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, తర్వాత రెండేళ్లు 7,500 చొప్పున. అంటే 20 వేల దగ్గర ఆగితే మంచిది. 27 వేలు ఆఖరి గీత.

న్యూయార్క్ సీటు ఈ గీతకి ఎక్కడుందో చూడండి. 88లో 25 పోతే ఏడాదికి 63 వేలు, నాలుగేళ్లకు 2,52,000. ఫీజు ఏటా పెరుగుతుంది, స్కాలర్‌షిప్ సాధారణంగా పెరగదు, సరే ఆ సంగతి పక్కన పెడదాం. 529లో ఉన్న 90 వేలు, నెలకు వెయ్యి చొప్పున మీరు పెట్టే 48 వేలు, అమ్మాయి పేరు మీద వచ్చే 27 వేలు తీసేసినా ఇంకా 87 వేలు తక్కువ. కాలేజీవాళ్లు పంపిన ఎయిడ్ లెటర్‌లో ఆ గొయ్యిని పూడ్చే వరస ఒకటి ఉండే ఉంటుంది, పేరెంట్ ప్లస్ లోన్ అని. చదివితే అదీ సాయంలాగే అనిపిస్తుంది. అది మీవారి పేరు మీద వచ్చే అప్పు.

ఆ లోన్ మీద ఇంకో నాలుగు మాటలు చెప్పాలి, మన ఇళ్లల్లో ఎక్కువమందికి తెలియకుండా జరిగిపోయేది ఇదే గనుక. 2025-26లో దాని వడ్డీ 8.94 శాతం. చేతికిచ్చేటప్పుడే 4 శాతం పైన ఫీజు కోస్తారు. అమ్మాయికి ఉద్యోగం వచ్చాక తన పేరుకి మార్చుకుందామంటే ఫెడరల్ పద్ధతిలో ఆ దారి లేదు. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం, 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు ఒక బిడ్డకి ఏడాదికి 20 వేలు, మొత్తం 65 వేలు మించి ఇవ్వరు. కాబట్టి మీ 87 వేలలో కనీసం 22 వేలు ప్రైవేటు బ్యాంకు దగ్గర, మళ్లీ మీవారి సంతకంతోనే తేవాలి. 65 వేలకు చదువు నడిచే నాలుగేళ్లూ ఏమీ కట్టకుండా వదిలేస్తే, వడ్డీ చేరి 80 వేలు దాటుతుంది. కొత్త నిబంధనల్లో ఆ సైజు అప్పుకి 20 ఏళ్ల వాయిదా. నెలకు 730 డాలర్ల చొప్పున మొత్తం లక్షా డెబ్బై అయిదు వేల దాకా కడతారు. మొదటి వాయిదా నాటికి మీవారికి 55, ఆఖరి వాయిదా నాటికి 75. ఐటీలో 55 దాటినవాళ్ల ఉద్యోగాలు ఎలా ఉంటున్నాయో మీ ఇద్దరికీ నేను చెప్పాలా?

ఇక్కడే ఇంకో తేడా ఉంది. అమ్మాయి పేరు మీద ఉన్న ఫెడరల్ అప్పుకి 2026 జులై నుంచి ర్యాప్ అనే కొత్త చెల్లింపు పద్ధతి వస్తోంది. ఆ ఏడాది సంపాదనను బట్టి వాయిదా ఉంటుంది. 30 నుంచి 40 వేల మధ్య సంపాదిస్తే అందులో 3 శాతం. అంటే 36 వేల మీద నెలకు 90 డాలర్లు. పని లేని ఏడాది నెలకు పది డాలర్లకు కూడా దిగుతుంది. పడుతూ లేస్తూ వచ్చే ఆదాయానికి సరిపోయే అప్పు ఇదొక్కటే. కొత్త పేరెంట్ ప్లస్‌కి ఆ వెసులుబాటు లేదు, ప్రైవేటు బ్యాంకుకి అసలే లేదు. అందుకే తన 27 వేలకు నేను సరే అంటాను, మీవారి 87 వేలకు ససేమిరా అంటాను. ఇంటి మీద హోమ్ ఈక్విటీ లోన్, రిటైర్మెంట్ కోసం దాచుకునే 401(కె) లోంచి తీయడం లాంటి ఆలోచనలు మనసులో ఉంటే ఇప్పుడే వదిలేయండి.

రట్గర్స్ లెక్క చిన్నది. నాలుగేళ్లకు 1,52,000. అందులో మీ 90, మీ 48 పోతే మిగిలేది 14 వేలు. అది అమ్మాయి పేరు మీద తీసుకోవచ్చు, మన గీత లోపలే ఉంటుంది. ఒకటి రెండేళ్లు ఇంటి నుంచి వెళ్లొస్తే అప్పే ఉండకపోవచ్చు. కాకపోతే బీఎఫ్‌ఏలో రిహార్సల్స్ రాత్రి పొద్దుపోయేదాకా ఉంటాయి, మొదటి ఏడాది హాస్టల్లో ఉంచడమే మంచిది. రట్గర్స్ అంటే ఏదో సర్దుకోవడం అనుకోకండి. అక్కడి కళల విభాగం మేసన్ గ్రాస్ స్కూల్ బీఎఫ్‌ఏకి నాటకరంగంలో మంచి పేరుంది, అక్కడ కూడా ఆడిషన్‌లో నెగ్గితేనే సీటు. లండన్‌లో షేక్‌స్పియర్ గ్లోబ్ థియేటర్‌తో కలిపి నడిపే శిక్షణ వాళ్ల ప్రత్యేకత. మీ అమ్మాయి బ్యాచ్‌కి అది ఎలా ఉంటుందో, దానికి విడిగా ఎంతవుతుందో డిపార్ట్‌మెంట్‌ని అడిగి, ఆ అంకె కూడా లెక్కలో కలపండి.

మీ అమ్మాయి అనబోయే మాట నాకు తెలుసు. "న్యూయార్క్‌లో ఉంటేనే అవకాశాలు" అంటుంది. అందులో నిజం ఉంది. ఆడిషన్లు అక్కడే, ఏజెంట్లు అక్కడే. కానీ రట్గర్స్ ఉన్న న్యూ బ్రన్స్‌విక్‌లోనైనా ఎడిసన్‌లోనైనా ట్రెయిన్ ఎక్కితే దాదాపు గంటలో న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగుతుంది. ఒహాయో నుంచో టెక్సస్ నుంచో వచ్చే పిల్లలు చదువయ్యాక న్యూయార్క్‌లో గదికి అద్దె కట్టలేకే వెనక్కి వెళ్లిపోతుంటారు. మీ పిల్లకి పైన గది ఉంది, ఫ్రిజ్‌లో పప్పూ పెరుగూ ఉంటాయి. 26 ఏళ్లు వచ్చేదాకా మీ హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఉండొచ్చు. నా లెక్కలో ఆ ప్రైవేటు యూనివర్సిటీ ఇచ్చే 25 వేల స్కాలర్‌షిప్ కంటే ఈ గది విలువ ఎక్కువ. 529లో పెట్టినదానికి మించి ఇంకా సాయం చెయ్యాలని ఉంటే, ఆ డబ్బు కాలేజీకి కాక, డిగ్రీ అయ్యాక మొదటి రెండు మూడేళ్లకు దాచండి. ఫోటోలకు, వాయిస్ క్లాసులకు, యూనియన్‌లో చేరే ఫీజుకి వేలల్లోనే అవుతుంది. నిలదొక్కుకోవడమో మానుకోవడమో తేలేది ఆ రెండు మూడేళ్లలోనే.

విద్యాశాఖ నడిపే కాలేజ్ స్కోర్‌కార్డ్ వెబ్‌సైట్‌లో రెండు కాలేజీల నాటక విభాగాలనూ పక్కపక్కన పెట్టి చూడండి, సంపాదన, అప్పు రెండూ ఉంటాయి. చూసేటప్పుడు రెండు జాగ్రత్తలు. నటులు, లైటింగ్ వాళ్లు, స్టేజ్ మేనేజర్లు అందరూ అక్కడ ఒకే గంపలో ఉంటారు, కాబట్టి ఆ సంపాదన నటులదే అనుకోకండి. అప్పు అంకెలో విద్యార్థి పేరు మీద ఉన్నదే ఉంటుంది, తల్లిదండ్రుల ప్లస్ లోన్ విడిగా చూపిస్తారు. పైన కనిపించే చిన్న అంకె చూసి "ఇంతేనా" అనుకునేది అందుకే. కొత్త చట్టంలో ఇంకో పరీక్ష కూడా పెట్టారు. డిగ్రీ చేసినవాళ్ల మధ్యస్థ సంపాదన, అదే రాష్ట్రంలో హైస్కూల్‌తో ఆగిపోయి పనిచేసుకుంటున్నవాళ్ల సంపాదన కంటే మూడేళ్లలో రెండేళ్లు తక్కువగా తేలితే, ఆ కోర్సుకి ఫెడరల్ లోన్లు ఆగిపోతాయి. ఈ పరీక్షలో మీ కోర్సు ఎక్కడుందని రెండు కాలేజీలనూ మొహమాటం లేకుండా అడగండి.

ఇక మీవారి కంప్యూటర్ సైన్స్. జీతాల్లో పోలికే లేదు, ఆయన అన్నది నిజమే. కానీ భద్రత అనే మాట ఇప్పుడు అంత ధీమాగా అనలేం. 2025లో న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన లెక్కల్లో, కంప్యూటర్ సైన్స్ చదివి కొత్తగా బయటికొచ్చినవాళ్లలో 6 శాతానికి పైగా నిరుద్యోగులు. నాటకం, సంగీతం చదివినవాళ్లలో ఖాళీగా ఉన్నవాళ్లు అంతకంటే తక్కువే. కాకపోతే వాళ్లలో సగానికి పైగా డిగ్రీ అక్కర్లేని పనుల్లో ఉన్నారు. ఇష్టం లేని పిల్లని కోడింగ్‌లో కూర్చోబెడితే మధ్యలో మానేస్తుంది, అప్పుడు అప్పూ మిగులుతుంది, డిగ్రీ కూడా ఉండదు. ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. అరంగేట్రానికి హాలు, ఆర్కెస్ట్రా, భోజనాలు, కానుకలు పెట్టినప్పుడు ఇది కూడు పెడుతుందా అని మీ ఇంట్లో ఎవరైనా అడిగారా? అమ్మాయిని వేదిక ఎక్కించింది మనమే.

ఆయన అడగాల్సింది వేరే ఉంది: నటనతో పాటు చేతిలో ఇంకో పని ఏముంటుంది? నాటకంలోనే జీతాలొచ్చే పనులున్నాయి. స్టేజ్ మేనేజ్‌మెంట్, లైటింగ్, సౌండ్ నేర్చినవాళ్లకు థియేటర్లలోనే కాదు, కన్వెన్షన్ సెంటర్లలో, థీమ్ పార్కుల్లో, క్రూయిజ్ షిప్పుల్లో పని ఉంటుంది. ఆ సాంకేతిక పనివాళ్ల యూనియన్ ఐయాట్సే 1893 నుంచి ఉంది, దాని కాంట్రాక్టుల్లో జీతాలు బాగుంటాయి. న్యూజెర్సీ పబ్లిక్ స్కూళ్లలో డ్రామా టీచరు కావాలంటే విడిగా సర్టిఫికెట్ చెయ్యాలి. కానీ ఆ ఉద్యోగంలో జీతం, పెన్షన్ ఉంటాయి. ఫెడరల్ అప్పు ఇంకా మిగిలి ఉంటే, పదేళ్లు వాయిదాలు కట్టాక మాఫీ అయ్యే పథకం కూడా ఉంది. బీఎఫ్‌ఏలో క్రెడిట్లన్నీ దాదాపు నటనకే పోతాయి, డబుల్ మేజర్‌కి చోటుండదు. అందుకే మొదటి ఏడాది నుంచే లైట్ బోర్డు దగ్గరో సౌండ్ దగ్గరో ఏదో ఒక పని చేతికి అలవాటు చేసుకొమ్మనండి. ఇది నటన మీద నమ్మకం లేక చెప్పే మాట కాదని తనకు విడమరిచి చెప్పాలి, లేకపోతే నాన్న మాటే ఇంకో గొంతుతో వస్తోందనుకుంటుంది.

పిల్లలు హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పాఠకులకు ఒక మాట. మీకు ఫెడరల్ లోన్లు రావు, పైన చెప్పిన ర్యాప్ వెసులుబాటు కూడా వర్తించదు. మీరు తేగలిగింది ప్రైవేటు అప్పే గనుక, నాటకం డిగ్రీకి మీ గీత సున్నా దగ్గరే పెట్టుకోండి.

మే 1కి ముందు చెయ్యాల్సినవి ఇవి. ప్రైవేటు యూనివర్సిటీకి రట్గర్స్ ఆఫర్ జత చేసి అప్పీల్ పంపండి, అడిగితే పోయేదేమీ లేదు. వాళ్లు ఇంకో ఐదు వేలు పెంచితే మెత్తబడకండి, నాలుగేళ్లకు అది 20 వేలు, మీ గొయ్యి 87 వేలు. ఏడాదికి 20 వేలకు పైగా పెంచితే అప్పుడు మళ్లీ మాట్లాడుకోవచ్చు. ఈ లెక్కలు మీరు చెయ్యకండి, మీవారినీ చెయ్యనివ్వకండి. కాగితం అమ్మాయి చేతికిచ్చి, రెండు కాలేజీలకూ మొత్తం ఖర్చు, అప్పు, చదువయ్యాక నెల వాయిదా ఎవరి పేరు మీద ఎంత అన్నది తననే రాయమనండి. రాసింది నాన్నకి తనే వివరించాలి. మాటలు లేని ఇంట్లో మొదటి మాట అంకెల మీద మొదలవడం తేలిక, అక్కడ ఇద్దరిలో ఎవరూ ఓడిపోరు. తర్వాత ముగ్గురూ కలిసి న్యూ బ్రన్స్‌విక్ వెళ్లండి. అక్కడ మూడో, నాలుగో ఏడాది పిల్లల్ని పట్టుకుని అడగండి: చేరినవాళ్లలో ఎంతమంది చివరిదాకా ఉన్నారు, మొదటి ఏడాది వేదిక ఎక్కనిచ్చారా, కిందటేడు బయటికెళ్లినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు, ఎక్కడ ఉంటున్నారు. ఆ జవాబులు నచ్చితే ఆ సాయంత్రమే డిపాజిట్ కట్టేయండి.